సన్నని దారం, ఎనిమిది వందల కిలోల సొర

1964వ సంవత్సరం జూన్ 14న అమెరికాలోని దక్షిణ కరొలైనా రాష్ట్రంలో, చెర్రీ గ్రోవ్ అనే సముద్రతీరపు ఊళ్ళో, వాల్టర్ మాక్స్‌వెల్ అనే ఆయన గాలంతో ఒక పులి సొరను పట్టాడు. పడవ ఎక్కి కాదు. ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన వంతెన మీద నిలబడి పట్టాడు. తూచితే ఆ సొర 1780 పౌండ్లుంది. అంటే సుమారు 807 కిలోలు. బాగా మేపిన ముర్రా గేదె కూడా అంత తూగదు.

అయితే ఆశ్చర్యపడవలసింది సొర బరువు చూసి కాదు, దారం చూసి. ఆయన వాడినది 130 పౌండ్ల దారం. దానికి 59 కిలోల కంటే ఎక్కువ బరువు వేలాడదీస్తే తెగిపోతుందన్నమాట. 59 కిలోలకు తెగే దారంతో 807 కిలోల చేప ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న మా తొమ్మిదో తరగతిలో వేశాను. "అబద్ధమండీ" అన్నారు సగం మంది. వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచి, "పద్నాలుగు పేటలు వేసి పేనుంటాడండీ" అన్నాడు. సమాధానం తప్పే కాని, భాగహారం మటుకు చక్కగా చేశాడు!

మన తీరంలో సొరలను పడవల మీద వెళ్ళి, వలలతోనో, వరసగా గాలాలు కట్టిన పొడవాటి తాళ్ళతోనో పడతారు. పాలసొరలూ, సొరపిట్టూ మన కోస్తా పిల్లలకు కొత్తవి కావు. ఒడ్డున నిలబడి, కర్రా చక్రం ఉన్న గాలంతో పెద్ద సొరలను పట్టడం మాత్రం అమెరికా తూర్పు తీరంలోనూ, దక్షిణాఫ్రికా, నమీబియా, ఆస్ట్రేలియా దేశాలలోనూ ఉన్న వినోదం. అక్కడ ఈ రోజుల్లో చాలామంది సొరను తినడానికి పట్టరు. పట్టి, చూసి, తిరిగి సముద్రంలోకి వదిలిపెడతారు. కొన్ని జాతులను వదిలి తీరాలని చట్టమే ఉంది. అందుచేత వాళ్ళ సామగ్రికి రెండు పరీక్షలు. దారం తెగకుండా సొర ఒడ్డుకు రావాలి. వచ్చిన సొర ప్రాణంతో తిరిగి వెళ్ళాలి. మొదటి పరీక్ష నెగ్గి రెండో పరీక్ష తప్పే సామగ్రి ఎంతో ఉంది. ఈ రెంటికీ కావలసిన శాస్త్రం చాలా మట్టుకు మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. చూద్దాం రండి.

నీటిలో సొర బరువెంత?

మీ ఊరి చెరువులో తేలే అరటి బోదెకు పూలదారం కట్టి మెల్లగా లాగి చూడండి. బోదె ఇరవై కిలోలున్నా బుద్ధిగా మీ వెంట వస్తుంది. అదే దారంతో బోదెను గట్టు మీదికి ఎత్తబోండి. పుటుక్కున తెగుతుంది. బోదె మారలేదు, దారం మారలేదు. నీళ్ళలో ఉన్నంతసేపు బోదె బరువును నీరు మోసింది. ఆర్కిమెడీస్ సూత్రం మీకు తెలిసిందే.

సొర సంగతీ ఇంతే. మామూలు చేపల్లో చాలావాటికి కడుపులో గాలి తిత్తి ఉంటుంది. సొరకు అది లేదు. దాని బదులు సొర కాలేయం బ్రహ్మాండంగా ఉంటుంది; నీటి కంటే తేలికైన నూనె అందులో నిండి ఉంటుంది. ఎముకలు కూడా ఎముకలు కావు, మన చెవి డొప్పలో ఉండేలాంటి మృదులాస్థి. ఇవన్నీ కలిసి సొర సాంద్రతను సముద్రపు నీటి సాంద్రతకు చాలా దగ్గరగా తెస్తాయి. ఫ్లోరిడా తీరపు సొరలను నీటిలోనూ బయటా తూచి, ఆ ఫలితాలను 1970లో ప్రచురించారు. వాటిలో ఒక పులి సొర గాలిలో 461 కిలోలు ఉంటే, సముద్రపు నీటిలో మూడున్నర కిలోలే తూగింది! అదే నిష్పత్తి వేసుకుంటే మాక్స్‌వెల్ పట్టిన సొర నీటిలో ఆరు కిలోలకు కాస్త ఎక్కువ. ఆరు కిలోలు మోయడానికి 59 కిలోల దారం చాలదూ?

చాలదు. ఎందుకంటే సొర బరువు పోయింది కాని ద్రవ్యరాశి పోలేదు. నీటిలో ఉన్నా, ఒడ్డున ఉన్నా అది 807 కిలోల ద్రవ్యరాశే. అది సెకనుకు 3 మీటర్ల వేగంతో పరుగెడుతున్నదనుకోండి. దాని ద్రవ్యవేగం 807ను 3తో గుణిస్తే 2421. ఈ పరుగును దారం సెకనులో అయిదో వంతు కాలంలో బిగబట్టి ఆపాలంటే, 2421ని 0.2తో భాగించండి: 12,000 న్యూటన్లు దాటుతుంది. అంటే 1200 కిలోల పైచిలుకు బలం. అలాంటి దారాలు ఇరవై కలిపినా తెగవలసిందే. అదే పరుగును ఒక నిమిషం పాటు నెమ్మదిగా ఆపితే? 2421ని 60తో భాగించండి. 40 న్యూటన్లు. నాలుగు కిలోల బలం!

సొర ఊరుకోదు, తోకతో ఈదుతూ ఇంకా లాగుతుంది. దాని సంగతి వేరు. కాని విషయం అర్థమైందిగా. క్రికెట్‌లో వేగంగా వచ్చే బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి ఎందుకు లాగుతాం? బంతి ఆగే కాలాన్ని పెంచడానికి. కాలం పెరిగితే బలం తగ్గుతుంది. గాలపు చక్రం చేసే పని అదే. సొర లాగినప్పుడు అది దారం వదులుతుంది. ఊరికే వదలదు, కొంత బిగువుతో వదులుతుంది.

చక్రంలోని బ్రేకు

సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసే వాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. గాలి ఉధృతంగా లాగినప్పుడు దారాన్ని వేళ్ళ మధ్య నుంచి కాస్త కాస్తగా జారనిస్తారు. బిగబట్టితే తెగుతుంది, పూర్తిగా వదిలితే పటం పోతుంది. అయితే వేళ్ళు కాలతాయి కదూ? సొర గాలం వేసేవారి కష్టం కూడా మొదట్లో అదే. పాతకాలపు చక్రాలకు బ్రేకు ఉండేది కాదు. చేప పరుగు తీస్తే చక్రంతో పాటు దాని పిడి కూడా గిర్రున వెనక్కి తిరిగి వేళ్ళ కణుపులు పగలగొట్టేది. దారపు ఉండ మీద తోలుముక్క అదిమిపెట్టి వేగం తగ్గించేవారు.

దీనికి విరుగుడు ఇరవయ్యో శతాబ్దపు మొదట్లో వచ్చింది. విలియం బోషెన్ అనే వేటగాడి ఆలోచనను జూలియస్ వామ్ హాఫ్ అనే చక్రాల తయారీదారు చేసి చూపించాడు. ఆ చక్రంతోనే 1913లో బోషెన్ కాలిఫోర్నియా తీరంలోని కాటలినా దీవి దగ్గర 355 పౌండ్ల కత్తి చేపను పట్టాడు. కొత్త ఏర్పాటులో పిడికీ దారపు ఉండకూ మధ్య కొన్ని బిళ్ళలు ఒకదానినొకటి ఒత్తుకొని ఉంటాయి. చేప ఒక హద్దు దాటి లాగితే బిళ్ళలు జారతాయి. ఉండ తిరిగి దారం పోతుంది, పిడి మాత్రం కదలదు. నక్షత్రం ఆకారంలో ఉన్న మరను బిగిస్తే బిళ్ళల మధ్య ఘర్షణ పెరుగుతుంది. ఈ ఏర్పాటును డ్రాగ్ అంటారు.

సొర గాలం కొనేవాడు మొట్టమొదట చూడవలసింది ఈ డ్రాగ్‌నే అని నా అభిప్రాయం. మెరుపుకూ, రంగుకూ ఇచ్చే డబ్బు వృథా. డ్రాగ్ జర్కులు లేకుండా జారాలి. స్థితి ఘర్షణ గతి ఘర్షణ కన్నా ఎక్కువని చదివారు కదా. ఆగి ఉన్న బిళ్ళ కదలడానికి కావలసిన బలానికీ, కదిలిన తరువాత కావలసిన బలానికీ తేడా ఎక్కువగా ఉంటే, సొర పరుగు మొదలుపెట్టిన ఆ మొదటి క్షణంలోనే దారం తెగుతుంది. పూర్వం ఈ బిళ్ళలకు తోలు వాడేవారు, ఇప్పుడు మంచి చక్రాలలో కార్బన్ పోగులతో నేసిన బిళ్ళలు వాడుతున్నారు. కారణం వేడి. 15 కిలోల బలంతో, అంటే దాదాపు 150 న్యూటన్లతో సొర 300 మీటర్ల దారం లాక్కుపోతే జరిగిన పని 45,000 జౌళ్ళు. అంత శక్తితో లీటరు నీటిని 10 డిగ్రీల పైగా వేడి చేయవచ్చు. ఆ వేడంతా పుట్టేది అరచేతిలో పట్టే నాలుగైదు బిళ్ళల మధ్యే. ఘాట్ దిగిన లారీ బ్రేకులు కమురు వాసన ఎందుకు వేస్తాయో గుర్తు చేసుకోండి.

డ్రాగ్ ఎంత బిగించాలి? దారం తెగే బలంలో సుమారు మూడో వంతుకు బిగించడం వాళ్ళ అలవాటు. 59 కిలోల దారమైతే 20 కిలోలు. దీన్ని చేతి అంచనాకు వదలరు. మీ ప్రయోగశాలలో ఉండే స్ప్రింగు త్రాసు లాంటిదే దారం కొసకు తగిలించి, లాగి, ఉండ జారే క్షణంలో ముల్లు ఎక్కడుందో చూస్తారు.

మూడో వంతే ఎందుకు, సగానికి బిగిస్తే ఏం? ఇక్కడ ఒక చమత్కారం ఉంది. డ్రాగ్ నిజంగా నిలిపి ఉంచేది బలాన్ని కాదు, బలభ్రామకాన్ని. దారం నిండుగా ఉన్నప్పుడు ఉండ వ్యాసార్ధం 7 సెంటీమీటర్లు అనుకోండి. సొర దారం లాక్కుపోయిన కొద్దీ ఉండ చిక్కిపోతుంది. వ్యాసార్ధం 3.5 సెంటీమీటర్లకు వచ్చేసరికి, మీరు మరను ముట్టుకోకపోయినా, అదే ఉండను తిప్పడానికి రెట్టింపు బలం కావాలి. 20 కిలోలు కాస్తా 40 అవుతుంది. దానికి తోడు నీటిలో వందల మీటర్ల దారం ఈడ్చుకుపోతున్నందువల్ల కలిగే నిరోధం. మొదట్లోనే సగానికి బిగించి ఉంటే ఈపాటికి దారం తెగి, మూతిలో గాలంతో, వెనుక అరకిలోమీటరు దారంతో సొర వెళ్ళిపోయి ఉండేది. వేటగాడికి పోయేది దారమే. సొర మాత్రం ఆ దారాన్ని ఈడ్చుకుంటూ, రాళ్ళకు చుట్టుకుంటూ తిరగాలి.

ఈ సంగతి మీరే పరీక్షించవచ్చు. దారం నిండుగా ఉన్న కుట్టుమిషను కండె ఒకటీ, దాదాపు ఖాళీ అయినది ఒకటీ తీసుకోండి. రెంటినీ ఒకేలా మేకుకు గుచ్చి, ఒకే బిగువుతో అదిమి, దారం లాగి చూడండి. ఏది మొరాయిస్తుందో తెలుస్తుంది.

ఒడ్డు మీద ఉన్నవాడి ఇబ్బంది

1959లో ఆస్ట్రేలియాలోని సెడూనా దగ్గర ఆల్‌ఫ్రెడ్ డీన్ అనే ఆయన 2664 పౌండ్ల తెల్ల సొరను గాలంతో పట్టాడు. అదీ 130 పౌండ్ల దారమే. 50 నిమిషాల్లో ముగిసిందట. (1990ల చివరి నుంచి తెల్ల సొర ఆస్ట్రేలియాలో రక్షిత జాతి.) మాక్స్‌వెల్ సొర కంటే 400 కిలోలు పెద్దది, అయినా గంట పట్టలేదు. డీన్ పడవ మీద ఉన్నాడు. పడవ అయితే సొర వెంట పోవచ్చు. ఒడ్డుకు కాళ్ళు లేవు. సొర కిలోమీటరు పరుగెత్తదలిస్తే మీ చక్రంలో కిలోమీటరు దారం ఉండి తీరాలి.

అందుచేత ఒడ్డు వేటకు దారం ఎన్నిక మరీ ముఖ్యం. ఒకప్పుడు నార దారం వాడేవారు. వాడిన ప్రతిసారీ ఆరబెట్టకపోతే కుళ్ళిపోయేది. 1930ల చివర నైలాన్ వచ్చి ఆ బాధ తప్పించింది. నైలాన్‌కు మరో సుగుణం, సాగుతుంది. తెగేలోగా తన పొడవులో అయిదో వంతు దాకా సాగగలదు. సొర తల విదిలించినప్పుడు ఆ కుదుపును స్ప్రింగులా మింగుతుంది. కాని లావు. 1990ల తరువాత పాలిథీన్‌కు దగ్గర చుట్టమైన ఒక పదార్థంతో, బహు పొడవైన అణువులున్న సన్నని పోగులను జడలా అల్లి దారాలు చేస్తున్నారు. అంతే బలానికి ఇవి నైలాన్‌లో దాదాపు సగం మందమే ఉంటాయి. సగం మందమంటే దారం రెట్టింపు పడుతుందని తొందరపడకండి. అడ్డుకోత వైశాల్యం వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి ఉంటుంది కదా! సగం మందమైతే నాలుగో వంతు చోటు. అదే చక్రంలో నాలుగు రెట్లు దారం.

మరి అందరూ అదే వాడరేం? అది సాగదు. పైగా ఇసుక, గవ్వలు, రాళ్ళు ఒరుసుకుంటే సన్నని పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. బిగువు మీద ఉండగా చేతికి చుట్టుకుంటే వేలు కోసేస్తుంది. ఒడ్డు వేటగాళ్ళు కనిపెట్టిన ఉపాయం రెండూ కలపడం. చక్రం అడుగున అల్లిన దారం వందల మీటర్లు, దాని పైన నైలాన్ నూరు మీటర్లో, అంతకంటే ఎక్కువో. సొర దగ్గరికి వచ్చి పెనుగులాడేటప్పుడు నీటి అడుగున ఒరుసుకునేదీ, సాగవలసిందీ నైలాన్ భాగం. దూరం పరుగులకు అల్లిన దారం.

కర్ర గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. ఎరను విసరాలంటే పొడవాటి కర్ర, నాలుగు మీటర్లదైనా, మంచిది. కొస వేగం ఎక్కువ. సొరతో పోరాడాలంటే పొడవాటి కర్ర మీకే శత్రువు. కర్ర మొదలు ఆనిన చోటు నుంచి దారం లాగే గీతకు లంబదూరం 2 మీటర్లూ, మీ చెయ్యి 70 సెంటీమీటర్ల దగ్గరా ఉంటే, దారంలో 15 కిలోల బిగువుకు మీ చెయ్యి 43 కిలోలు లాగాలి. ఆ దూరం 1.2 మీటర్లయితే 26 కిలోలు చాలు. మీటల సూత్రంతో సరిచూసుకోండి. పెద్ద సొరకు పెట్టే కిలో రెండు కిలోల ఎరను ఎలాగూ విసరలేరు కనుక, ఫ్లోరిడాలో చిన్న తెడ్డు పడవ మీద వెళ్ళి ఎరను వందల మీటర్ల లోపల జారవిడిచి వస్తారు. అలాంటివారికి పొట్టి కర్రే నయం.

ఎర అలలకు ఒడ్డుకు కొట్టుకు రాకుండా సీసపు గుండు కడతారు. రాయి ఎందుకు కాదు? 150 గ్రాముల సీసం ఉప్పు నీటిలో పదకొండో వంతు బరువే కోల్పోతుంది. అంతే బరువున్న రాయి అయిదింట రెండు వంతులు కోల్పోతుంది. పైగా నాలుగు రెట్లు పెద్దదిగా ఉండి అలల తోపుడుకు ఎక్కువ దొరుకుతుంది. గుండుకు నాలుగు ఇనుప తీగలు సాలీడు కాళ్ళలా అమర్చితే అవి ఇసుకలో లంగరులా దిగి పట్టుకుంటాయి. గట్టిగా లాగినప్పుడు ఆ కాళ్ళు వెనక్కి మడుచుకునేలా చేసిన గుండ్లూ ఉన్నాయి.

రంపం లాంటి నోరు, గరుకుకాగితం లాంటి ఒళ్ళు

పులి సొర పన్ను చూస్తే కోడిపుంజు జుట్టులా వంగి, పక్కన గంటు ఉండి, అంచంతా రంపపు పళ్ళతో ఉంటుంది. తాబేటి డొప్పను కోయగల పన్ను అది. దాని ముందు ఏ నైలాన్ దారమూ నిలవదు. అందుకే గాలం దగ్గర కొంత మేర ఉక్కు తీగ వాడతారు. ఒంటి తీగ సన్నంగా ఉంటుంది కాని ఒకసారి మెలికపడితే అక్కడే విరుగుతుంది. సన్నని తీగలు పేనిన తాడు మెలికలకు ఓరుస్తుంది.

చాలామంది మరచిపోయేది సొర చర్మం. దాని మీద పొలుసుల బదులు కంటికి ఆనని చిన్న చిన్న పళ్ళుంటాయి. వట్టి పోలిక కాదిది. మన పంటిలో ఉన్నట్టే లోపల డెంటిన్, పైన ఎనామెల్ లాంటి గట్టి పూత ఉంటాయి. తల నుంచి తోక వైపు నిమిరితే నునుపు, తోక నుంచి తల వైపు నిమిరితే ఆకురాయి. పూర్వం వడ్రంగులు కొయ్యను నునుపు చేయడానికి సొర చర్మం వాడేవారు. సొర పొర్లినప్పుడు, తోకతో కొట్టినప్పుడు దారం ఆ ఆకురాయి మీద ఒరుసుకుంటుంది. అందుకని ఉక్కు తీగకూ అసలు దారానికీ మధ్య బొమికంత గట్టి లావుపాటి నైలాన్ కొన్ని మీటర్లు కలుపుతారు. కొలత ఏమిటంటే, తీగా లావు నైలానూ కలిసి సొర పొడవు కంటే ఎక్కువ ఉండాలి. వీటిని కలిపే చోట గిర్రున తిరిగే లోహపు కొలికి ఒకటి ఉంటుంది. బావి బొక్కెన గొలుసుకు వేసే తిరుగుడు కొక్కెం లాంటిదే. సొర పొర్లితే ఆ కొలికి తిరుగుతుంది, దారం మెలిపడదు.

ఇక గాలం. మామూలు గాలం మొన పైకి చూస్తుంది. సొర ఎరను మింగితే అది గొంతులోనో, కడుపులోనో, ఒక్కొక్కప్పుడు మొప్పలలోనో దిగుతుంది. తరువాత వదిలినా సొర బతకడం కష్టం. వృత్తాకారపు గాలం వేరు. దాని మొన లోపలికి, కాడ వైపు తిరిగి ఉంటుంది. చూస్తే, ఇది దేనికి గుచ్చుకుంటుందని నవ్వు వస్తుంది. సొర మింగి దూరంగా జరిగినప్పుడు గాలం గొంతులో ఎక్కడా తగలకుండా జారుతూ వచ్చి, నోటి మూల దగ్గర దవడ మలుపులో తిరిగి దిగుతుంది. వేటగాడు ఒక్కసారిగా గుంజకూడదు, బిగువు మెల్లగా పెరగనివ్వాలి. ఇది నిన్న మొన్నటి ఊహ కాదు. పసిఫిక్ దీవుల వాళ్ళు ఎముకతో, ఆలిచిప్పతో ఇలా లోపలికి వంగిన గాలాలు ఎప్పటి నుంచో చేస్తున్నారు. హవాయి దీవుల వాళ్ళయితే సొర కోసం కొయ్య గాలానికి ఎముక మొన బిగించి, ఒలొనా అనే మొక్క నారతో తాడు పేనేవారు.

గాలం ఏ లోహంతో చేశారన్నదీ ముఖ్యమే. తుప్పు పట్టని ఉక్కు మేలు కదా అంటారు మీరు. కాదు! దానిలోని క్రోమియం పైన ఆక్సైడు పొర ఏర్పరచి గాలాన్ని ఏళ్ళ తరబడి కాపాడుతుంది. తీగ తెగి సొర గాలంతో వెళ్ళిపోతే అది అలాగే దాని దవడలో ఉండిపోతుంది. మామూలు ఉక్కు గాలం ఉప్పు నీటిలో తుప్పు పట్టి నశిస్తుంది. వంటింట్లో లోపమైనది ఇక్కడ గుణం.

అందరి కంటే బలహీనుడు

దారం, డ్రాగ్, తీగ, గాలం ఇన్ని బిగించాం. ఈ గొలుసులో తెగే కడియం ఏది? మనిషి. 60 కిలోల మనిషి నిటారుగా నిలబడ్డాడు. అతని గురుత్వకేంద్రం నుంచి కాలివేళ్ళ కొస దాకా దూరం సుమారు 20 సెంటీమీటర్లు. మీటరు ఎత్తున దారం అతణ్ణి ముందుకు లాగుతోంది. 60ని 0.2తో గుణించండి: పన్నెండు. పన్నెండు కిలోల లాగుడుకే అతడు ముందుకు తూలి పడాలి! వెనక్కి వాలితే కొంత నయం. ఇసుకలో కూర్చుని మడమలు పాతితే ఇంకా నయం. నడుముకు పటకా కట్టి కర్రను దానికి తగిలించుకుంటే చేతుల భారం వీపుకు మారుతుంది. ఇంతా చేసి, ఎవరూ ఒంటరిగా ఈ వేటకు వెళ్ళరు, వెళ్ళకూడదు. దారం చేతికి చుట్టుకోవడం అన్నిటికన్నా ప్రమాదం.

మరి మనిషికి సులువుగా ఉండేటట్టు సన్న దారం, చిన్న చక్రం తీసుకుని, తక్కువ బిగువుతో మూడు నాలుగు గంటలు ఆడిస్తే పోలేదా? సొరతో సమానంగా పోరాడాం, న్యాయంగా గెలిచాం అని చెప్పుకునేవాళ్ళు అలాగే చేస్తారు. నాకు ఆ గొప్ప గొప్పగా తోచదు. పరుగు పందెం ముగిశాక మీ కాళ్ళు ఎందుకు లాగుతాయి? ఆక్సిజన్ చాలని కండరాలలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. గాలానికి చిక్కిన సొరకూ అంతే. పెనుగులాట సాగిన కొద్దీ దాని రక్తంలో ఆమ్లత పెరుగుతుంది. ఈదుకుంటూ వెళ్ళిన సొర కూడా కొన్ని గంటల తరువాత చనిపోవచ్చు. ఒడ్డున చప్పట్లు కొట్టినవారికి అది కనబడదు.

సుత్తితల సొరలు దీనికి మరీ సుకుమారం. ప్రాణం మీదికి తెచ్చుకుని పోరాడతాయి, త్వరగా అలసిపోతాయి. నోరు తెరుచుకొని ముందుకు ఈదుతూ ఉంటేనే వాటి మొప్పలకు సరిపడా నీరు అందుతుంది. పట్టి నిలబెడితే ఊపిరి ఆగినట్టే. పెద్ద సుత్తితల సొరను 2019లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. అందుచేత సొర గాలానికి లావు దారం, పెద్ద చక్రం, గట్టి డ్రాగ్ ఎంచుకోవడం సొర మీద జులుం కాదు. పెనుగులాట ఎంత తొందరగా ముగిస్తే సొరకు అంత మంచిది. ఏ సొర తగులుతుందో ముందు తెలియదు కనుక సామగ్రిని ఆ నీళ్ళలో ఉండగల అతి పెద్ద సొరకు సరిపోయేలా ఎంచుకోవాలి.

ఒడ్డుకు చేరిన తరువాత ఇంకో ప్రమాదం. నీటిలో మూడున్నర కిలోలు తూగిన సొరను ఇసుక మీదికి ఈడ్చారనుకోండి, ఒక్కసారిగా దాని బరువు 461 కిలోలు! సొరకు మన లాంటి గట్టి పక్కటెముకల గూడు లేదు. దాని బరువు కింద దాని అవయవాలే నలుగుతాయి. నీరు లేక మొప్పల రేకులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఫోటో కోసం రెండు నిమిషాలు అంటారు, సొరకు అవి మన తల నీళ్ళలో ముంచి పట్టుకున్న రెండు నిమిషాలు.

ఫ్లోరిడా రాష్ట్రంలో 2012 నుంచి పులి సొరనూ, మూడు జాతుల సుత్తితల సొరలనూ ఉంచుకోవడం నిషేధం. నిమ్మ సొర అంతకు ముందే నిషిద్ధ జాబితాకెక్కింది. అది పదేళ్ళు దాటితే కాని పిల్లలు పెట్టే వయసుకు రాదు. 2019 జులై 1 నుంచి ఒడ్డున సొర గాలం వేయదలచినవారు పాఠం చదివి అనుమతి పత్రం తీసుకోవాలి. ఎరకు చేపముక్కలు వాడితే గాలం వృత్తాకారంలో ఉండాలి, మొన పక్కకు తిరిగి ఉండకూడదు, తుప్పు పట్టని ఉక్కుది కాకూడదు. నిషిద్ధ జాతి సొర తగిలితే దాని మొప్పలు నీటిలోనే ఉండాలి, ఫోటోల కోసం ఆలస్యం చేయకుండా వదలాలి. సొరలను ఆకర్షించడానికి ఒడ్డు నుంచి రక్తం, చేపముక్కలు నీటిలో చల్లడం కూడా కుదరదు. పక్కనే పిల్లలు ఈత కొడుతూ ఉంటారు మరి. మన దేశంలోనూ తిమింగల సొరను 2001లోనే వన్యప్రాణి రక్షణ చట్టం కింద చేర్చారు.

అదే నియమాల్లో ఇంకొకటి ఉంది. సామగ్రిలో తీగనో, గాలాన్నో కోయగల పనిముట్టు తప్పక ఉండాలి. ఇనుప ఊచలు కోసే పెద్ద కత్తెర ఒకటి చాలు; చక్రం ఖరీదులో అది ఏ మూలకూ రాదు. సొరను మోకాటి లోతు నీటిలో తల సముద్రం వైపు ఉండేలా తిప్పి, గాలం నోటి మూలలో కనబడుతూ ఉంటే ములికి దగ్గర కత్తిరించి రెండో ముక్కను వెనక్కి లాగేస్తారు. లోపలికి దిగి ఉంటే వెతకకుండా తీగను గాలానికి వీలైనంత దగ్గరగా కోసి వదిలేస్తారు. మామూలు ఉక్కు గాలమైతే మిగతా పని ఉప్పు నీరు చూసుకుంటుంది.